డాఫ్నీ చేతికి మూడు నరాల ఆకులు

2024 నవంబరు 22, శుక్రవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు దుబ్బాక బస్టాండులో మా ప్రయాణం మొదలైంది. నాతో మా అమ్మ ఉన్నది. ఆమె ఒడిలో ఒక స్టీలు డబ్బా, ఆ డబ్బాలో బాలింతకు పెట్టే కాయం. నా సంచిలో రెండు చీరలు, పిల్లకు ఒక జత వెండి కడియాలు.

హైదరాబాదులో సినిమా సెట్లకు ప్లాస్టరు బొమ్మలు పోసే మా తమ్ముడు మహేశ్‌కు నెల మొదట్లో కూతురు పుట్టింది. ఇరవై ఒకటవ రోజు ఆదివారం నాడు తొట్టెల, అంటే పిల్లను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక. మా వైపు తొట్టెలలో పిల్ల చెవిలో మొదట పేరు చెప్పవలసినది మేనత్త. ఎవరు ఏమి అనుకున్నా, మేనత్త నోట ముందుగా వెలువడినదే పేరు. ఆ మేనత్తను నేనే.

నా దగ్గర రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి పిల్ల పుట్టిన నాటి నుంచి అమ్మ చెబుతున్న పోచవ్వ. రెండవది తమ్ముడు ఫోనులో రాసి పంపిన డాఫ్నీ. మా వంశంలో బడికి వెళ్లి పట్టా తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధిస్తాను. కనుక నేను తనవైపే ఉంటానని తమ్ముడి నమ్మకం. నన్ను కన్నది తాను గనుక తనవైపే ఉంటానని అమ్మ నమ్మకం. బస్సు ఎక్కేటప్పటికి నేను ఎవరి వైపూ లేను.

జూబ్లీ బస్టాండు

ఆడవారికి బస్సులో టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపితే సున్నా రూపాయల చీటీ చింపి ఇస్తారు. అమ్మ ఆ చీటీని కూడా డబ్బు పెట్టి కొన్నదానిలాగే కొంగు చివర ముడి వేసుకుంటుంది. గజ్వేల్‌లో ఎక్కిన ఒక పెద్దావిడ మా పక్కన కూర్చున్నది. కంటి పరీక్షకు వెళుతున్నదట. మేము ఎందుకు వెళుతున్నామో విని, ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"నా మనుమరాలి పేరు నాకే నోరు తిరగది. అందుకే పాపా అంట. అది కూడ పలుకుతది, నేను కూడ బతుకుత."

"అట్ల పలికితె పలకనీ, మేం మాత్రం మొక్కిన పేరే పెడతం" అన్నది అమ్మ.

సికింద్రాబాదులో బస్సు ఆగినప్పుడు బోర్డు మీద జూబ్లీ అని చదివి వినిపించాను. అమ్మ వెంటనే డబ్బా ఎత్తుకొని దిగడానికి సిద్ధపడి, జూబ్లీహిల్స్ ఇంత తొందరగా వచ్చిందా అని కండక్టరును అడిగింది.

"ఇది జూబ్లీ బస్టాండు, పెద్దమ్మా. జూబ్లీహిల్స్ ఇంక గాడుంది. మా బస్సులను గాడికి రానియ్యరు, కార్లనే రానిస్తరు" అని ఆ కండక్టరమ్మ ముఖం తీవ్రంగా పెట్టి చెప్పింది. అమ్మ నమ్మింది. రెండు రోజుల తరువాత కూడా ఆ మాట నిజమేనని నమ్ముతూనే ఉన్నది.

మెట్రో స్టేషనులో కదిలే మెట్ల మీద అమ్మ ఎడమ కాలి చెప్పు కిందనే ఉండిపోయింది, అమ్మ పైకి వచ్చేసింది. చెప్పు కూడా కాసేపటికి మెట్టు ఎక్కి తనంతట తానే పైకి వచ్చింది. ఆ ప్రయాణం మొత్తంలో ఆమెకు నచ్చినది అదొక్కటే అని తరువాత మా వీధిలో చెప్పుకున్నది.

బోరబండ, తొలి సాయంత్రం

తమ్ముడు గుట్ట వాలు మీద మూడవ అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. కాన్పు మోతీనగర్‌లోని స్వప్న తల్లిగారింట్లో జరిగింది. డాబా మీద స్థలం ఉన్నదని తొట్టెలకు ఇక్కడికి వచ్చేశారు. స్వప్న మహేశ్ భార్య, నా మరదలు. మాటలు తక్కువ. పిల్లను అమ్మ చేతిలో పెట్టి, మాకు నీళ్లు ఇచ్చి, ఒక పక్కకు కూర్చున్నది.

మహేశ్ సాయంత్రం ఐదు గంటలకు పని నుంచి వచ్చాడు. కనుబొమల మీద తెల్ల పొడి. మా ఇంట్లో అందరి గోళ్ల కింద తునికాకు రంగు ఉంటుంది, ఎందుకంటే అమ్మ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్నది. ఇంటర్ దాకా నేనూ చుట్టాను. వాడి గోళ్ల కింద మాత్రం ఇప్పుడు ప్లాస్టరు ఉన్నది.

అమ్మ కూర్చోబెట్టి అడిగింది. "ఆ పేరుకు అర్థమేందిరా?"

"తెల్వదమ్మా. బొమ్మ పేరు."

"ఏం బొమ్మ?"

వాడు చెప్పినది ఇది. ఒక పాట కోసం ధనవంతుడి తోట సెట్ వేశారు. అందులో ఒక గ్రీకు ఆడపిల్ల బొమ్మ కావాలన్నారు. ఏడడుగుల ఎత్తు, పరుగెత్తుతూ చేతులు పైకెత్తిన పిల్ల, వేళ్ల చివర్లు ఆకులుగా మారుతుంటాయి. బొమ్మ గీసిన కాగితం మీద పేరు రాసి ఉన్నది. పెద్ద మేస్త్రీకి ఆరోగ్యం బాగాలేక ఆ పని వీడి చేతికి వచ్చింది. పదకొండేళ్ల పనిలో మొదటి నుంచి చివరి దాకా వాడు ఒక్కడే చేసిన బొమ్మ అది. పంతొమ్మిది రోజులు పట్టింది. షూటింగు రెండు రోజులు.

"మరి ఇప్పుడేడుంది?"

"ఏడుంటదమ్మా? షూటింగ్ అయిపోతె సెట్ కూలగొడ్తరు. ఆ జాగల ఇంకో సెట్ ఎయ్యాలె. కట్టినోళ్లమే కూలగొడ్తం. ఆ కూలి కూడ మాదే." వాడు అరచేతులు చూసుకున్నాడు. "గడ్డపార నేనే పట్టిన."

అమ్మ పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నది. "పగులగొట్టిన బొమ్మ పేరు బిడ్డకు పెడ్తవా?"

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నాకు ముందు అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదు. మూడవసారి పోచమ్మ తల్లికి మొక్కుకున్నది, ఆడపిల్ల పుట్టి బతికితే ఆమె పేరే పెడతానని. అట్లా నేను పోచవ్వను. ఆరేళ్లకు బడిలో చేర్చడానికి వెళితే, సారు నా పేరు విని ముఖం చిట్లించి, రిజిస్టరులో పుష్పలత అని రాశాడు. ఆయన మంచికే చేశాడు. అమ్మకు చదువు రాదు. రెండేళ్ల తరువాత ఒక కాగితం చదివి వినిపించినప్పుడు గాని ఆమెకు తెలియలేదు. అప్పటికి బడిలో అందరికీ నేను పుష్పను అయిపోయాను. ఆమె కూడా పుష్పా అనే పిలవసాగింది, కాని మొక్కు తప్పిందన్న భయం ఆమెను వదలలేదు. ఇంట్లో మళ్లీ ఆడపిల్ల పుట్టడానికి ముప్పై నాలుగేళ్లు పట్టింది.

"నీ పేరు బడిల పోయింది. గీ పిల్ల పేరు సినిమాల పోనియ్య" అన్నది అమ్మ నా వైపు చూస్తూ.

"పోచవ్వ అంటె కాలేజీల, ఆఫీసుల ఏమంటరో అక్కను అడుగు" అన్నాడు మహేశ్. "డాఫ్నీ అంటె ఎవరి పిల్లనో ఎవనికి తెల్వది. ఏ ఊరు, ఏం కులం, తండ్రి ఏం పని జేస్తడు, ఏం తెల్వది. గది మంచిది గాదా?"

ఇద్దరూ నన్ను చూశారు. అర్థం తెలియని పేరు నేను ఎవరి చెవిలోనూ చెప్పనని, బొమ్మ గీసిన వ్యక్తి దగ్గరకు రేపు తీసుకువెళ్లమని అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

జూబ్లీహిల్స్ వీధులు

శనివారం ఉదయం ముగ్గురం ఆటోలో బయలుదేరాము. జూబ్లీహిల్స్‌లో వీధులకు పేర్లు లేవు, అంకెలు ఉన్నాయి. ఇళ్లకు మాత్రం పేర్లు ఉన్నాయి. మా ఊళ్లో దీనికి సరిగ్గా తలకిందులు: వీధికి పేరు ఉంటుంది, ఇంటిని మనిషి పేరుతో పిలుస్తారు. ఇక్కడ గోడలు ఎత్తుగా ఉండి మనుషులు కనిపించరు. కాగితపు పూల తీగలు మాత్రం గోడ దాటి బయటకు వస్తాయి. బట్టల దుకాణాలు, కాఫీ దుకాణాల బోర్డులలో గ్రీకు పేర్లు నేను నాలుగు లెక్కపెట్టాను. వాటిలో ఒకదాని బయట పెట్టిన ధరల పట్టికలో కాఫీ రెండు వందల ఎనభై రూపాయలు. అమ్మకు చెప్పలేదు. ఎదురుగా చెట్టు కింద డ్రైవర్లు తాగే చాయ్ పదిహేను రూపాయలు, అదే తాగాము. అల్లం ఎక్కువ వేశాడు.

మేము తాగుతుండగా ఒక గేటు తెరుచుకొని, నడివయసు పనిమనిషి ఒకామె దూడంత కుక్కను పట్టుకొని వచ్చింది. నిజానికి కుక్కే ఆమెను పట్టుకొని వచ్చింది.

"అథీనా! ఆగవే తల్లీ, ఆగు" అని ఆమె బతిమాలుతున్నది.

అమ్మ ఆమెను ఆపి అడిగింది. "ఏం పేరమ్మా అది?"

"మేడమ్ పెట్టింది. గ్రీకు దేశం దేవత అంట. ఇంతకు ముందున్న కుక్క కూడ దేవతనే."

అమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఇన్నవారా మహేశా? కుక్కకు పెట్టినంక మిగిలిన పేరు నీ బిడ్డకు తెచ్చినవు."

డ్రైవర్లు నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. ఆటోలో వాడు రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఫిల్మ్‌నగర్, సుబ్బారావు గారి గది

బొమ్మ గీసిన సుబ్బారావు గారిది తెనాలి. సినిమాలకు సెట్ల బొమ్మలు గీయడానికి వచ్చి ముప్పై ఏళ్లు దాటిందట. ఫిల్మ్‌నగర్‌లో ఒక సందు చివర మేడ మీద గది. గోడ నిండా గుడులు, జైళ్లు, రైల్వే స్టేషన్లు, అన్నీ కాగితం మీద. ఆయన అమ్మకు కుర్చీ వేసి, తాను డ్రాయింగు బల్ల అంచున కూర్చున్నారు.

"పేరు మా మహేశ్ అమ్మాయికా! భలేవాడివయ్యా, నాకు చెప్పనేలేదు" అని సంతోషించారు. తరువాత నేను అడిగిన దానికి శ్రద్ధగా జవాబు ఇచ్చారు.

గ్రీకు భాషలో డాఫ్నీ అంటే ఒక చెట్టు పేరు. ఆ చెట్టుకు ఆ పేరు రావడానికి వారి పురాణంలో ఒక కథ ఉన్నది. డాఫ్నీ ఒక నది దేవుడి కూతురు. పెళ్లి వద్దని అడవుల్లో తిరిగేది. అపోలో అనే దేవుడు ఆమెను మోహించి వెంటపడ్డాడు. ఆమె పరుగెత్తింది. ఇక అందబోతాడనగా తండ్రిని పిలిచింది. తండ్రి ఆమెను చెట్టుగా మార్చాడు. కాళ్లు వేర్లయ్యాయి, జుట్టు ఆకులయింది, ఎత్తిన చేతులు కొమ్మలయ్యాయి.

"సరిగ్గా ఆ క్షణాన్నే అందరూ బొమ్మ చేస్తారండీ. సగం పిల్ల, సగం చెట్టు."

"మరి ఎంబడివడ్డోనికి ఏమైంది?" అని అడిగింది అమ్మ.

"వాడికేమవుతుందమ్మా, దేవుడు కదా. ఆ ఆకులు కోసి కిరీటం చేసుకున్నాడు. అప్పట్నుంచి వాళ్ల దేశంలో గెలిచినవాళ్లకి ఆ ఆకుల కిరీటమే పెట్టేవారు."

"సిగ్గు లేదా వానికి?"

సుబ్బారావు గారు అమ్మ వైపు తిరిగారు. "ఆ మాట ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదండీ."

ఇటువంటి పేర్లు ఎందుకు నచ్చుతున్నాయని అడిగాను. తనకు నెలకొకసారి ఏదో ఒక సినిమా ఆఫీసు నుంచి ఫోను వస్తుందని, కథలో అమ్మాయికి కొత్త పేరు చెప్పమంటారని ఆయన అన్నారు. "కండిషన్లు ఎప్పుడూ ఒకటేనండీ. పొట్టిగా ఉండాలి. ఎవరికైనా నోరు తిరగాలి. ఊరు తెలియకూడదు, కులం తెలియకూడదు. మన పేర్లలో ఈ రెండూ తెలియనివి ఎన్ని ఉన్నాయి చెప్పండి? అందుకని సముద్రం దాటి వెళ్తారు."

నిన్న తమ్ముడు చెప్పినది ఇదే. పుష్పలత అని రాసిన సారు ఆలోచించినది కూడా ఇదే అయి ఉంటుందని నాకు తోచింది.

తరువాత ఆయన ఒక పుస్తకం తెరిచి అసలు చెట్టు ఆకు బొమ్మ చూపించారు. మధ్యలో ఒకే ఈనె, దాని నుంచి పక్కలకు సన్నని గీతలు. అమ్మ ఆ పేజీని దగ్గరకు లాక్కొని చూసింది. ఆకుల విషయంలో ఆమెకు ఎవరి సాయమూ అక్కరలేదు.

"నువ్వు గిదే ఆకు పెట్టినవారా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "ఆ చెట్టు ఈడ దొరకది గదా. బిర్యానీ ఆకు గూడ గా జాతిదే అన్నరు. బోరబండల కిరాణంల పది రూపాయల ప్యాకెట్ కొన్న. తడిపి, ఒక్కొక్క ఆకును ప్లాస్టర్ల అచ్చు తీసిన."

"బిర్యానీ ఆకుకు మూడు నరాలుంటయి. కాడ దగ్గర నుంచే మూడు పోతయి" అన్నది అమ్మ.

సుబ్బారావు గారు ఫోనులో దాచుకున్న సెట్ ఫోటో వెదికి, పెద్దది చేసి చూశారు. వేళ్ల చివరన ప్రతి ఆకుకూ మూడు ఈనెలు. ఆయన బల్ల కొట్టి నవ్వారు. "దర్శకుడు చూశాడు, కెమెరామ్యాన్ చూశాడు, నేను చూశాను. గ్రీకు పిల్ల చేతికి మన బిర్యానీ ఆకు మొలిచిందని ఎవరికీ కనబడలేదండీ!"

కిందికి దిగి ఆటో ఎక్కాక మహేశ్ నెమ్మదిగా అన్నాడు. "అక్కా, వద్దు తియ్. పోచవ్వనే చెప్పు. గా కథ నాకు తెల్వది. తెలిస్తె అడగకపోతుంటి."

అమ్మ గెలిచింది.

మళ్లీ బోరబండ

ఇంటికి వచ్చిన తరువాత అమ్మ మొదట అడిగినది, ఆ ఆకు ముక్క ఏదైనా మిగిలిందా అని. స్వప్న అలమారా పై అరలో గుడ్డ కప్పి ఉన్నదాన్ని చూపించింది. తమ్ముడు దించి చాప మీద పెట్టాడు. సెట్ కూలగొట్టిన రోజు వాడు ఎవరినీ అడగకుండా తెచ్చుకున్నది అదొక్కటే: మణికట్టు నుంచి పై భాగం, ఒక చెయ్యి. చూపుడు వేలు, మధ్య వేలు ఆకులయ్యాయి. మిగిలినవి ఇంకా వేళ్లే.

అమ్మ ఆకుల మీద గోరుతో గీసి చూసింది. మూడు నరాలు. తరువాత ఆమె చూపు చిటికెన వేలి మీద ఆగింది. ఆ వేలు మొదటి కణుపు దగ్గర లోపలికి వంగి ఉన్నది. అమ్మ తల ఎత్తి, పిల్లను పట్టుకొని ఉన్న స్వప్న చేతిని చూసింది.

"ఇది నీ చెయ్యి గాదా?"

"నాదే అత్తమ్మా" అన్నది స్వప్న. "చెయ్యి సక్కగ వస్తలేదని ఈయన నాలుగు రోజులు అన్నం తినలే. నా చేతులు పెట్టుకో అన్న. వేజలీన్ రాసి, ప్లాస్టర్ గుడ్డలు సుట్టిండు. ఐదో నెల నాకు. అరగంట కదలొద్దన్నడు." ఆమె పిల్ల తల సర్దింది. "నేను కదలలే. లోపల ఇదే కదిలింది. గదే మొదటిసారి."

మహేశ్ నేల వైపు చూశాడు. ఆటోలో తాను అన్న మాట చెప్పాడు, కథ కూడా చెప్పబోయాడు.

"నాకు తెల్సు. అప్పుడే ఫోన్ల సదివిన" అన్నది స్వప్న.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఆ బొమ్మకు ఏడుపు మొఖం పెడ్తువు."

నాకు నవ్వు వచ్చింది. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. మేము వచ్చిన తరువాత ఆమెను ఎవరమూ ఏ పేరు కావాలని అడగలేదని నాకు అప్పుడు స్ఫురించింది.

"వదినా, ఆ పిల్ల ఉరికింది. వానికి దొరకలే. నాకు గంతే కావాలె. ఇంక మీ ఇష్టం."

అమ్మ ఆ చేతి మీద మళ్లీ గుడ్డ కప్పింది. ఎవరినీ చూడకుండా, "మరి నా మొక్కేం గావాలె?" అన్నది. అది కోపంగా అన్న మాట కాదు. నిజంగా తెలియక అడిగిన మాట.

తొట్టెల

ఆదివారం ఉదయం డాబా మీద బిర్యానీ ఆకు వేసి వండే బగారా అన్నం ఉడుకుతున్నది. అమ్మ మెట్ల మీద కూర్చొని ఉల్లిపాయలు తరుగుతున్నది. నేను పక్కన కూర్చున్నాను. రాత్రంతా ఆలోచించి కూర్చిన వాక్యాలు నా దగ్గర ఉన్నాయి, కాని వాటిలో ఒకటి కూడా పనికి రాలేదు.

"అమ్మా, నువ్వు మొక్కింది నా పేరు. పిల్లది గాదు."

"నీది పోయింది గదా."

"పోలే. సారు కాయితం మీద మార్చిండు. నువ్వు గూడ పిలుసుడు బందు చేసినవు, నేను గూడ అడగలే. ఆ పేరు నాకే ఇయ్యి. పిల్లను ఇడిసిపెట్టు."

అమ్మ కత్తి ఆపింది. "నీ కాలేజోళ్లు నవ్వరా?"

"నవ్వనీ."

"నలుగుర్ల పిలిస్తె పలుకుతవా?"

"పలుకుత."

"సూద్దాం" అని ఆమె మళ్లీ ఉల్లిపాయ అందుకున్నది.

పదకొండు గంటలకు తొట్టెలకు పసుపు రాసి, పూలు కట్టారు. మోతీనగర్ నుంచి స్వప్న వాళ్లు, చుట్టుపక్కల వాళ్లు కలిపి ముప్పై మంది ఉంటారు. పాట అయిన తరువాత నన్ను ముందుకు పిలిచారు. నేను వంగి, పిల్ల కుడి చెవి దగ్గర నోరు పెట్టి, డాఫ్నీ అని మూడుసార్లు చెప్పాను. పిల్ల ఆవులించింది. తమ్ముడు నా వెనుకనే ఉన్నాడు. వాడి ఊపిరి నాకు వినిపించింది.

"ఏం పేరు? ఏం పేరు?" అని ఆడవాళ్లు అడిగారు. నేను చెప్పాను. ఒకామె రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. "ఏం పేరమ్మా అది? అర్థమేంది?"

జవాబు అమ్మ ఇచ్చింది. "చెట్టు పేరు. మన పోచమ్మ ఉండేది గూడ చెట్టు కిందనే గదా. తప్పేముంది?"

తరువాత విస్తళ్లు వేశారు. బగారాలో వచ్చిన ఆకును అందరూ పక్కన పెట్టినట్లే నేనూ పక్కన పెట్టబోయి, దాన్ని తిప్పి చూశాను. కాడ దగ్గర నుంచే మూడు. అప్పుడు డాబా ఆ చివర నుంచి, ముప్పై మంది మధ్యలో, అమ్మ గొంతు వినిపించింది.

"పోచవ్వా! ఓ పోచవ్వా! పిల్లకు దిష్టి తియ్యాలె, ఇటు రా."

కొందరు ఆమె ఎవరిని పిలుస్తున్నదో అని అటూ ఇటూ చూశారు. చెయ్యి కడుక్కొని లేవడానికి నాకు కొంత సమయం పట్టింది.

"వస్తున్ననమ్మా" అన్నాను.

తరువాత

పిల్ల జనన ధ్రువపత్రంలో డాఫ్నీ అని నమోదైంది. అమ్మ ఆ పేరును తనకు వచ్చినట్లు పలుకుతుంది. ప్లాస్టరు చెయ్యి బోరబండలో అదే అరలో ఉన్నది. ఇప్పుడు దాని మీద గుడ్డ లేదు. నా కళాశాల రికార్డులలో, బ్యాంకు పుస్తకంలో నేను పుష్పలతనే. ఇంట్లో, మా వీధిలో అమ్మ నన్ను పోచవ్వ అని పిలుస్తున్నది. నేను పలుకుతున్నాను.